ఊరి నిశ్శబ్దంలో మనది ఎంత?

(గుత్తిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరిగిన సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు ఆశీస్సులు. వెనక నిలబడినవాళ్లు లోపలికి రండమ్మా, కుర్చీలు చాలకపోతే చాపలు వేశారు, కూర్చోండి.

గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నాకు మాత్రం 'చిన్న ఊళ్లో జీవితం' అని విషయం ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషించాను. ఎందుకంటే ఈ మధ్య ఒక మాట నన్ను బాగా ఇబ్బంది పెడుతోంది. సంక్రాంతికో ఉగాదికో బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి మన పిల్లలు వస్తారు. సాయంత్రం మిద్దె మీద నిలబడి కోట వైపు చూసి, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో ఇక్కడ!" అంటారు. మూడో రోజు బ్యాగు సర్దుకుంటారు. వాళ్లని తప్పుపట్టడం లేదు, ఉద్యోగాలు అక్కడున్నాయి. కానీ ఆ మాట విన్నప్పుడల్లా అడగాలనిపిస్తుంది: నాయనా, ఈ ప్రశాంతత ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించావా? ఇందులో కొంత మేం పెంచుకున్నది. కొంత మీరు వెళ్లిపోవడం వల్ల మిగిలింది. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. వాటిని విడదీసి చూడాలన్నదే ఈ రోజు నా ప్రయత్నం.

నేను ఈ ఊరి కోడలిని. మా ఆయన డీజిల్ షెడ్డులో పనిచేసేవారు. కాపురం పెట్టింది గుత్తి ఆర్.ఎస్.లో, రైల్వే క్వార్టర్స్‌లో. స్టేషన్ ఒక చోట, ఊరు ఒక చోట కావడంతో గుత్తి నాకు మొదట్లో రెండు ఊళ్లుగా పరిచయమైంది. ఆర్.ఎస్.లో రాత్రంతా చప్పుడే. ఇంజన్లు షెడ్డుకి వచ్చేవి, పోయేవి. నైటు డ్యూటీ దిగినవాళ్లు తెల్లారకముందే టీ కొట్టు దగ్గర చేరి గట్టిగా మాట్లాడుకునేవాళ్లు. తర్వాత ఊళ్లోకి మారాం. ఇక్కడి బళ్లలోనే పాఠాలు చెప్పాను, ఇక్కడే రిటైరయ్యాను. అందుకని నేను చెప్పేదంతా ఈ ఊరి వాకిట్లో కూర్చుని చూసిన సంగతులే.

మన ఊళ్లో పొద్దు ఎలా గడుస్తుందో బయటివాళ్లకి చెప్పాలంటే ఎండతో మొదలుపెట్టాలి. మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా మనం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు బజారుకి పోవాలో ఎండే చెబుతుంది. తెల్లారేసరికి వాకిట్లో ముగ్గు ఉంటుంది. ఏడింటికల్లా ఉగ్గాని బండి దగ్గర జనం. బొరుగులు నానేసి పిండి, తిరగమాతలో కలిపి, పుట్నాల పొడి చల్లి, మీద వేడి మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు మొదటి రోజు అనుమానంగా చూస్తారు, నెల తిరిగేసరికి వాళ్లే ఇంకొంచెం కారం వేయమంటారు. పదకొండు దాటితే వీధులు ఖాళీ. కోట గుట్ట అంతా రాయి కదా, పగలంతా కాగి ఆ సెగ రాత్రి తొమ్మిదైనా ఊరి మీదే ఉంటుంది. సాయంత్రం మళ్లీ మనుషులు కనిపిస్తారు. నీళ్లొచ్చిన రోజైతే వాకిట్లో చల్లుతారు. అరుగుల మీద కూర్చుంటారు. రాత్రి కరెంటు పోతే వీధి మొత్తం మిద్దెలెక్కుతుంది. ఒక మిద్దె మీద మొదలైన మాట మూడో మిద్దె మీద ముగుస్తుంది.

ఇదంతా నాకు చాలా ఇష్టం. ఇష్టమని చెప్పడానికి మొహమాటం ఎందుకు? ఇక్కడ మనిషికి మనిషి మీద ధ్యాస ఉంటుంది. పెన్షన్ తీసుకోవడానికి రావాల్సిన ముసలాయన రాకపోతే, "ఏమాయె ఆయప్పకి?" అని ఎవరో ఒకరు ఇంటికి పోయి చూస్తారు. మందుల షాపు అబ్బాయికి మా అత్తగారి బీపీ మాత్ర పేరు నాకంటే బాగా తెలిసేది. డబ్బు లేని నెలలో కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో రాసుకుంటారు, అడగడానికి మాత్రం ఇంటికి రారు. వాళ్లకి మనం తెలుసు, మన నాన్న తెలుసు.

ఒక రాత్రి మా ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నేను ఎవరినీ పిలవలేదు, గదిలో లైటు మాత్రం వేశాను. కాసేపటికే తలుపు తట్టారు. ఎదురింటావిడ. "ఏం టీచరమ్మా, ఈ పొద్దులో లైటేసినారే?" అంది. ఆమె వెనకే వాళ్ల పెద్దబ్బాయి. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. ఎవరో కారు తెచ్చారు, ఎవరో మా ఆయన్ని పట్టుకుని కూర్చున్నారు. అనంతపురం ఇక్కడి నుంచి యాభై కిలోమీటర్ల పైమాటే. కారు ఎవరిదో నాకు మరుసటి రోజు దాకా తెలియదు. వీధి చివర బట్టల కొట్టాయనది. ఆయనతో అంతకుముందు నేను నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండను. మా ఆయన బతికి ఇంటికొచ్చారు. ఇంకా కొన్నేళ్లు ఉన్నారు. ఆ కొన్నేళ్లూ నాకు ఈ వీధి ఇచ్చినవే అని నేను నమ్ముతాను.

ఈ ఊళ్లో నిశ్శబ్దం ఉంది కాబట్టే వేళకాని వేళ వెలిగిన లైటు కనిపించింది. వచ్చేపోయేవాళ్ల హడావిడి లేదు కాబట్టే ఒక ఇంటి తేడా ఇంకో ఇంటికి తెలిసింది. మేం పెంచుకున్న ప్రశాంతత అన్నానే, అది ఇదే.

ఇప్పుడు కష్టమైన మాట చెప్పాలి. ఆ రాత్రి మా ఇంటి లైటు చూసిన కళ్లే, పక్కింటి ఆడపిల్ల ఏ వేళకి ఇల్లు చేరిందో కూడా చూస్తాయి.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి సాయంత్రాలు ఇక్కడికి, ఈ లైబ్రరీకే వచ్చేది. ఇంట్లో చిన్న తమ్ముళ్లు, టీవీ, చదువుకోవడానికి చోటు లేదు. శ్రద్ధ ఉన్న పిల్ల. ఉన్నట్టుండి రావడం మానేసింది. కనుక్కుంటే తెలిసింది: ఎవరో పెద్దమనిషి వాళ్ల నాన్నతో, "ఏమప్పా, నీ బిడ్డ చీకటి పడినాక బజార్లో కనపడె" అన్నాడట. అన్నది అబద్ధమేమీ కాదు. లైబ్రరీకి పోవాలంటే బజారు మీదుగానే పోవాలి, చలికాలంలో ఆరింటికే చీకటి పడుతుంది. ఆయన చెడు ఉద్దేశంతో అన్నాడని కూడా నేను అనుకోను. కానీ ఆ ఒక్క మాటతో ఆ పిల్ల సాయంత్రాలన్నీ పోయాయి. మన వీధులు రాత్రిపూట నెమ్మదిగా ఉంటాయని మురిసిపోతాం కదా, సగం మంది బయటికి రాకుండా ఉంటే ఏ వీధైనా నెమ్మదిగానే ఉంటుంది.

"ఎవరి బిడ్డవమ్మా?" అని అడగడం మనకి ఆప్యాయత. నేనూ అడుగుతాను. అయితే ఆ ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న ఉంటుందని ఆ రెండో ప్రశ్నకి భయపడేవాళ్లకే తెలుస్తుంది. ఏ వీధో చెబితే చాలు, కులం తెలిసిపోతుంది. నా దగ్గర చదివిన ఒకబ్బాయి బెంగళూరులో పనిచేస్తున్నాడు. "టీచర్, అక్కడ నేను ఎవరి కొడుకునో ఎవరికీ తెలీదు, అదే నాకు హాయిగా ఉంది" అన్నాడు. నాకు బాధ కలిగింది, కానీ కాదనలేకపోయాను. ఊరు విడిచి పోయినవాళ్లంతా జీతం కోసమే పోయారనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకున్నట్టే.

ఇక రెండో నిశ్శబ్దం సంగతి. ముందు కొంచెం చరిత్ర చెబుతాను. సోషల్ టీచరుని, అది లేకుండా మాట్లాడలేను.

మన ఊరు మొదటి నుంచీ మారుమూల అని కొందరు పిల్లలు అనుకుంటారు. అది నిజం కాదు. ఇక్కడి నుంచి పత్తికొండ దారిలో పోతే ఎర్రగుడి వస్తుంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దానివి. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని రాయించాడు. ఎవరూ నడవని చోట ఏ రాజూ రాయించడు కదా. అంటే అప్పటికే ఈ చుట్టుపక్కల దారులున్నాయి, ఆ దారుల్లో జనం ఉన్నారు. ఆ తర్వాత కోట. చాళుక్యుల శాసనాల కాలం నుంచి మరాఠా మురారి రావు వరకు ఎంతమంది చేతులు మారిందో మీ పాఠాల్లో చదువుకున్నారు. కొండ అంచున మురారి రావు కూర్చునేవాడని చెప్పే చిన్న మండపం ఉంది చూశారా? చూడనివాళ్లు ఈ ఆదివారమే ఎక్కండి, ఎండ రాకముందు దిగిరండి. 1776లో హైదర్ అలీ ముట్టడి వేసినప్పుడు అంత ఎత్తైన కోట చివరికి లొంగిపోయింది పైన నీళ్లు అడుగంటడం వల్ల. ఈ నేలలో పెద్ద శత్రువు ఎప్పుడూ దాహమే.

1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు, 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. రైతుతో నేరుగా లెక్క తేల్చుకునే రైత్వారీ పద్ధతిని ఈ దత్త మండలాల్లోనే ఊరూరా తిరిగి అమలు చేశాడు. మద్రాసు గవర్నరు అయ్యాక మళ్లీ ఈ నేలని చూడాలని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన్ని తెచ్చి పూడ్చింది మన గుత్తిలో, కోట కింద. తర్వాత ఆ అస్థికలను మద్రాసు తీసుకుపోయారు. 1871లో మద్రాసు నుంచి వచ్చే రైలు దారి, బొంబాయి నుంచి వచ్చే దారి కలిశాయి. ఆ దారి మన మీదుగానే పోతుంది. ఇటు బెంగళూరు వైపు కూడా ఇక్కడి నుంచే పట్టాలు చీలతాయి. కోట, కలెక్టర్లు, రైళ్లు... ఇంత సందడి చూసిన ఊరు ఇది.

అలాంటి ఊరు ఎందుకు సద్దుమణిగింది? హైదరాబాద్–బెంగళూరు హైవే ఊరి పక్క నుంచి పోతుంది, దాని మీద పోయేవాళ్లకి కోట కొండ కనిపిస్తుంది, ఊరు కనిపించదు. అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం వాన. మన ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అది కూడా సమయానికి పడితేనే చెనక్కాయ చేతికొస్తుంది. పూత మీద ఉన్నప్పుడు వాన ఎగ్గొట్టిందా, కట్టె తప్ప కాయ ఉండదు. వరసగా రెండేళ్లు అలా పోతే రైతు బోరు వేస్తాడు, బోరుకి అప్పు చేస్తాడు, నీళ్లు పడకపోతే రైలెక్కుతాడు. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వజ్రాల కోసం నేల వెతకడం మీరు చూస్తూనే ఉన్నారు. ఆ చేలల్లో పంట పండిస్తే చాలనుకున్న మనుషులు మాత్రం ఎక్కడో అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మన్లుగా ఉన్నారు.

నేను దీన్ని హాజరు పట్టీలో చూశాను. వానలు లేని ఏడు తరగతి గది చెబుతుంది. జూన్‌లో నిండుగా ఉంటుంది. దసరా దాటాక పేరు పిలిస్తే కొన్ని పేర్లకి జవాబు రాదు. "వాళ్లమ్మా నాయినా పనికి పోయినారు టీచర్, వాణ్నీ తీసుకుపోయినారు" అని పక్కన కూర్చునే పిల్లాడు చెప్పేవాడు. నేను ఆ పేరు వెంటనే కొట్టేసేదాన్ని కాదు. మరుసటి రోజు మళ్లీ పిలిచేదాన్ని. క్లాసులో అల్లరి చేసే పిల్లలు పోతే పాఠం చెప్పడం సులువవుతుందని బయటివాళ్లు అనుకోవచ్చు. ఆ సులువు ఏ టీచరుకీ వద్దు.

ఇప్పుడు ఆ నిశ్శబ్దం మన వీధుల్లోకి వచ్చింది. ఒక్కొక్క వరుసలో తాళాలు వేసిన ఇళ్లు చూస్తున్నాం. మంచి ఇళ్లు. కొన్ని నాపరాయి పరిచి, పెద్ద కిటికీలు పెట్టి ఇష్టంగా కట్టుకున్నవి. తల్లిదండ్రులు ఉన్నన్నాళ్లు పండక్కి తెరుచుకుంటాయి, ఆ తర్వాత అదీ ఉండదు. తెరిచి ఉన్న ఇళ్లలో చాలాచోట్ల ఇద్దరు ముసలివాళ్లు, లేదా ఒక్కరే. అరుగు మీద కూర్చుంటే మాట్లాడటానికి పక్క అరుగు మీద మనిషి లేడు. దీన్ని ప్రశాంతత అని పిలిస్తే నాకు కోపం వస్తుంది.

వెనకవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఇంకో నిశ్శబ్దం ఉంది, మనం కూర్చున్నది అందులోనే. 'నిశ్శబ్దం పాటించండి' అని గోడ మీద రాసి ఉంది చూడండి. ఇక్కడ పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెన్షనర్లు ఉన్నారు. డీఎస్సీకి, బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఉన్నారు. ఒకరి కోసం ఒకరు గొంతు తగ్గిస్తారు, కుర్చీ లాగకుండా ఎత్తి జరుపుతారు. ఇంత మంది ఉండి కూడా నిశ్శబ్దం ఉందంటే అది పదిమంది కలిసి పూనుకుంటేనే. దీనికి మనం డబ్బు కూడా కడుతున్నాం, చాలామందికి ఆ సంగతి తెలియదు. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. తాళం వేసిన ఇంటి పన్నులోనూ ఆ 8 పైసలు ఉంటాయి.

మన సీమవాళ్లు గ్రంథాలయ ఉద్యమంలో వెనకబడినవాళ్లేమీ కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో పుట్టారు. పత్రికలో రాసిన రాతకి 1908లో రాజద్రోహ నేరం మీద జైలుకి పోయారు. ఆ తర్వాత ఆయన ఏళ్ల తరబడి పట్టుకున్న పని గ్రంథాలయాలు, వయోజన విద్య. జైలు నుంచి వచ్చిన మనిషి ఇంకా పెద్ద సభలు, పెద్ద పదవులు చూసుకోవచ్చు. ఆయన పల్లెటూరి మనిషి చేతిలో పుస్తకం పెట్టాలనుకున్నారు. అక్షరం రానివాడికి స్వరాజ్యం వచ్చి ఏం లాభమని ఆయన మనసులో ఉండి ఉంటుందని నేను ఊహించుకుంటాను.

అయితే సాయంత్రం ఈ లైబ్రరీ మూసేశాక ఆ పిల్లలు ఎక్కడికి పోవాలి? ఆడపిల్లలు ఎక్కడికి పోవాలి? దీని గురించే నేను ఒకటి అడగాలనుకుంటున్నాను.

మన వీధుల్లో తాళాలు వేసిన ఇళ్లున్నాయి. పరీక్షలకి చదువుకోవడానికి చోటు లేని పిల్లలున్నారు. జనవరి నుంచి పరీక్షలయ్యే దాకా ఒక్కో వీధిలో ఒక్క ఇంటి ముందుగది తెరిపించగలమా? ఊరు దాటి పోయిన మీ అన్నదమ్ములకి, మీ పిల్లలకి ఫోన్ చేయండి. గది శుభ్రం చేసే పని మాది, కరెంటు బిల్లు వీధిలో అందరం పంచుకుందాం. ఆ ఇంటి తాళం ఎదురింటివాళ్ల దగ్గర ఉంటుంది. అదే వీధి కాబట్టి ఆడపిల్ల బజారు దాటనక్కర్లేదు, పెద్దమనుషులకి చెప్పుకోవాల్సిన పనీ లేదు. అరుగుల మీద కూర్చునే మనకి ఎలాగూ చూసే అలవాటు ఉంది. పిల్ల ఎన్నింటికి వచ్చిందని లెక్కపెట్టే ఆ చూపుని, పిల్ల క్షేమంగా ఇల్లు చేరేదాకా తోడుండేలా మార్చుకోలేమా? ఆ రాత్రి మా ఇంటి లైటు చూసి వచ్చినవాళ్లు చేసింది అదే కదా.

ఇది పెద్ద పని కాదని చెప్పను. గది ఇస్తే వదిలిపెట్టరేమో అని ఓనర్లకి భయం ఉంటుంది. ఏ వీధి పిల్లలు ఏ ఇంట్లోకి రావచ్చు అన్న దగ్గర గొడవ వస్తుందని కూడా నాకు తెలుసు. నేను ముందే చెబుతున్నాను, ఏ వీధి పిల్లలైనా రావచ్చు అన్న ఇల్లే మనం తీసుకుందాం. ఆ షరతు ఒప్పుకోని ఇల్లు వద్దు.

మొదటి గది మా ఇంటిది. మా ఆయన చదువుకునే బల్ల, రెండు బెంచీలు ఉన్నాయి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు. నేను ఇంట్లోనే ఉంటాను. తొమ్మిదికి ఆడపిల్లల్ని ఇళ్ల దగ్గర దిగబెట్టడానికి ఎదురింటావిడ కూడా వస్తానంది, ఆమె ఇక్కడే కూర్చుని ఉంది. గది ఇవ్వాలనుకునేవాళ్లు, బల్లలు, ఫ్యాన్లు ఇవ్వగలిగినవాళ్లు సభ అయ్యాక లైబ్రేరియన్ దగ్గర పుస్తకంలో రాయండి. పదో తరగతి, ఇంటర్ ఆడపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా వచ్చి ఉంటే వెళ్లిపోవద్దు, మీతో విడిగా మాట్లాడాలి. నేను ఈ కిటికీ పక్కనే ఉంటాను.